గుల్‌మార్గ్‌లో స్నోబోర్డింగ్: ఒంటరిగా వెళ్లొచ్చు, కానీ ఒంటరిగా కొండ దిగొచ్చా?

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో కేబుల్ కార్ రెండో దశ ఎక్కి, అఫర్వత్ కొండ భుజం మీద దిగితే ఎత్తు దాదాపు 3,950 మీటర్లు. చుట్టూ తెల్లటి వాలు తప్ప మరేమీ కనిపించదు. కాస్త ముందుకు వెళితే ఒక హద్దు ఉంటుంది. దానికి ఇవతల ఉన్నది గండోలా బౌల్. స్కీ పెట్రోల్ సిబ్బంది పరిశీలించి, ప్రమాదం లేదనుకున్నాకే తెరిచే ప్రాంతం అది. అవతల కూడా అదే మంచు, అలాంటి వాలే. కానీ అక్కడ కాపలా లేదు, ముందస్తు తనిఖీ లేదు, పడిపోతే చూసేవారూ ఉండకపోవచ్చు.

మంచు కురిసిన మర్నాడు ఇవతలి వాలు గంటా రెండు గంటల్లోనే గీతలతో నిండిపోతుంది. అవతలి వాలు మాత్రం ఎవరూ అడుగుపెట్టని తెల్ల కాగితంలా ఉంటుంది. సెలవు పెట్టి, బోర్డు అద్దెకు తీసుకుని, ఎవరి తోడూ లేకుండా వచ్చిన వారికి ఇక్కడే అసలు పరీక్ష ఎదురవుతుంది. ఆ హద్దు దాటాలా, వద్దా?

గుల్‌మార్గే ఎందుకు?

దేశంలో మంచు మీద జారే ఆటలకు ఔలీ, సోలాంగ్, నార్కండా వంటి చోట్లు ఉన్నాయి. అయితే ఔలీకి జోషిమఠ్ నుంచి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో ఆ ఊరి నేల కుంగినప్పుడు ఆగిపోయింది. సోలాంగ్ ప్రధానంగా కొత్తవారి వాలు. దాదాపు 4,000 మీటర్ల ఎత్తు వరకు యంత్రంపై వెళ్లి, అక్కడి నుంచి అడవుల మీదుగా ఊళ్లలోకి దిగగలిగే చోటు గుల్‌మార్గే.

ఇక్కడి కేబుల్ కార్‌ను గండోలా అంటారు. దీని మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. మొదటి దశ సుమారు 2,650 మీటర్ల ఎత్తున్న గుల్‌మార్గ్ మైదానం నుంచి కొంగ్‌డూరి వరకు వెళుతుంది. రెండో దశ అక్కడి నుంచి అఫర్వత్ భుజానికి చేరుస్తుంది. స్నోబోర్డర్లను విదేశాల నుంచి రప్పించేది ఈ రెండో దశే. హద్దు దాటి దిగేవారు ద్రుంగ్, బాబా రేషి, టంగ్‌మార్గ్ వైపు తేలి, అక్కడి నుంచి టాక్సీలో తిరిగి పైకి వస్తారు.

చేరడం కష్టమేమీ కాదు

ఒంటరిగా ఇక్కడికి చేరడంలో పెద్ద చిక్కులేమీ లేవు. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. మంచు పడ్డ రోజుల్లో టంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకు గొలుసులు కట్టిన స్థానిక వాహనంలోకి మారి, చివరి 13 కిలోమీటర్ల ఘాట్ ఎక్కాలి. మొదటిసారి వెళ్లేవారు తెలుసుకోవాల్సినవి మూడు ఉన్నాయి.

ఒకటి, ఫోన్. జమ్మూకశ్మీర్ బయట తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. తోడు ఉన్నవారికి ఇది చిన్న ఇబ్బందే. ఒంటరిగా వెళ్లినవారికి మాత్రం సాయం అడిగే దారే మూసుకుపోతుంది.

రెండు, ఎత్తు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఉదయం అక్కడ విమానం ఎక్కినవారు సాయంత్రానికి 2,650 మీటర్ల ఎత్తుకు చేరతారు. మర్నాడే 3,950 మీటర్లకు వెళితే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఇవి ఒళ్లునొప్పులో, ప్రయాణ బడలికో అనుకుని ఇంకా పైకి వెళ్లడమే ప్రమాదం. "నువ్వు తడబడుతున్నావు, మాట తేడాగా ఉంది" అని చెప్పే మనిషి పక్కన లేనప్పుడు మొదటి ఒకటి రెండు రోజులు కిందే గడపడం మేలు.

మూడు, కాలం. కశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే 40 రోజుల గడ్డు చలి డిసెంబర్ 21న మొదలవుతుంది. దాని తర్వాత 20 రోజుల చిల్లై ఖుర్ద్, 10 రోజుల చిల్లై బచ్చా. మంచు బాగా ఉండాల్సింది ఈ రోజుల్లోనే. కానీ ఈ లెక్క ఇప్పుడు తప్పుతోంది. 2024 జనవరిలో చాలా రోజులు గుల్‌మార్గ్ మైదానం మంచు లేక గోధుమ రంగులో కనిపించింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు సరిపడా మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. అందుకే తేదీలు మార్చుకోగల టికెట్లు, గదులు తీసుకోవడం మంచిది.

వీటితోపాటు భద్రత సంగతి కూడా చూసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత కశ్మీర్‌లో పలు పర్యాటక స్థలాలను కొంతకాలం మూసివేశారు. బయల్దేరే ముందు అధికారిక సూచనలు చూడటం తప్పనిసరి.

బోర్డు నేర్పే మొదటి పాఠం పడటమే

స్కీయింగ్‌లో రెండు కాళ్లకు రెండు పలకలు, చేతుల్లో రెండు కర్రలు ఉంటాయి. స్నోబోర్డ్‌కు ఒకే పలక. రెండు పాదాలూ దానికే బిగించి ఉంటాయి, చేతిలో కర్ర ఉండదు. పక్కకు తిరిగి నిలబడి, మడమల వైపు అంచు మీద ఒకసారి, వేళ్ల వైపు అంచు మీద ఒకసారి బరువు మోపుతూ దిగాలి. ఏ అంచూ మంచును పట్టుకోకుండా బోర్డు చదునుగా ఉన్నప్పుడు, వాలు కింది వైపున్న అంచు మంచులో గుచ్చుకుంటే మనిషి ఒక్కసారిగా నేలకు కొట్టుకుంటాడు.

పడేటప్పుడు చేతులు చాచడం సహజం. అందుకే కొత్త స్నోబోర్డర్లకు ఎక్కువగా తగిలే దెబ్బ మణికట్టుకే. హెల్మెట్, మణికట్టు రక్షణ పట్టీలు మొదటి రోజు నుంచే ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు గండోలా జోలికి వెళ్లకుండా, మైదానం పక్కనున్న చిన్న వాలుల్లో శిక్షకుడి దగ్గర నేర్చుకోవడం ఉత్తమం. ఎముక విరిగితే మెరుగైన వైద్యానికి మంచు రోడ్డు మీద శ్రీనగర్ దాకా వెళ్లాలి. సాధారణ ప్రయాణ బీమా పాలసీలు చాలావరకు సాహస క్రీడలను మినహాయిస్తాయి కాబట్టి షరతులు ముందే చదువుకోవాలి.

ఇంతవరకు ఒంటరితనం సమస్య కాదు. నేర్చుకునే వాలుల్లో, గండోలా బౌల్‌లో చుట్టూ జనం ఉంటారు. పడితే ఎవరో ఒకరు చూస్తారు.

హద్దు దాటితే ఏం మారుతుంది?

కశ్మీర్‌లో సీజన్ మొదట్లో పలచగా మంచు పడి, తర్వాత రోజుల తరబడి పొడి చలి ఉండటం మామూలే. ఆ చలిలో కింది పొర మంచు నెమ్మదిగా రూపం మార్చుకుని, ఒకదానికొకటి అంటుకోని పంచదార పలుకుల్లా తయారవుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా మూడు నాలుగు అడుగుల కొత్త మంచు పడితే అది గాలికి గట్టిపడి ఒకే పలకలా మారుతుంది. ఆవాలు చల్లిన ఏటవాలు నేల మీద బండ పరిచినట్టు అన్నమాట. చూడ్డానికి స్థిరంగానే ఉంటుంది. ఒక మనిషి బరువు సరిగ్గా బలహీనమైన చోట పడితే పలక మొత్తం పగిలి జారుతుంది. అదే అవలాంచ్, మంచు చరియ.

ఇలాంటి చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో జారతాయి. స్నోబోర్డర్లకు నచ్చేవీ ఆ వాలులే. ప్రాణాలు తీసిన చరియల్లో అత్యధికం వాటంతట అవి జారినవి కావు. బాధితులో, వారి బృందంలోని వారో కదిపినవే.

గుల్‌మార్గ్‌కు ఇది కొత్త కాదు. 2010 ఫిబ్రవరి 8న సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ శిక్షణలో ఉన్న బృందంపై చరియ పడి 17 మంది సైనికులు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్‌లోని హపత్‌ఖుడ్ వద్ద విదేశీ స్కీయర్లు చరియలో చిక్కుకున్నారు. 19 మందిని కాపాడగలిగారు, ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. 2024లో పొడి జనవరి తర్వాత ఫిబ్రవరిలో భారీగా మంచు కురిసింది. ఆ నెల 22న, కింద ఖేలో ఇండియా పోటీలు జరుగుతున్న సమయంలోనే, పైన చరియ జారి ఒక రష్యన్ స్కీయర్ ప్రాణం పోయింది.

డీఆర్‌డీవోలో భాగమైన, చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ సంస్థ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. గుల్‌మార్గ్ బారాముల్లా జిల్లాలో ఉంది కాబట్టి ఆ జిల్లా పేరుతో వచ్చే హెచ్చరికను రోజూ చూడాలి. అయితే అది జిల్లాకు, ఎత్తుకు సంబంధించిన అంచనా. ఫలానా వాలు ఈ మధ్యాహ్నం నిలుస్తుందా, జారుతుందా అని అది చెప్పదు. అంతర్జాతీయంగా వాడే ఐదు స్థాయిల కొలమానంలో ఎక్కువ మంది చనిపోయేది ఐదో స్థాయిలో కాదు, మూడో స్థాయిలో. ఐదు అంటే భయపడి ఎవరూ వెళ్లరు. మూడు అంటే "ఫర్వాలేదులే" అనిపిస్తుంది.

బీకన్ ఎవరి కోసం?

హద్దు దాటేవారి దగ్గర మూడు వస్తువులు ఉండాలి. అవి బీకన్, ప్రోబ్, పార. బీకన్ 457 కిలోహెర్ట్జ్‌పై నిరంతరం సంకేతం పంపే చిన్న పరికరం. ఎవరైనా కూరుకుపోతే మిగతావారు తమ బీకన్లను వెతికే స్థితికి మార్చి, సంకేతం ఎక్కడి నుంచి వస్తుందో కనిపెడతారు. ప్రోబ్ అనే పొడవాటి కడ్డీతో గుచ్చి లోతు తెలుసుకుంటారు. పారతో తవ్వుతారు.

గుల్‌మార్గ్‌లో ఈ మూడూ అద్దెకు దొరుకుతాయి. వాటిని తగిలించుకోగానే ధైర్యం వస్తుంది. కానీ కూరుకుపోయినవారు తమ పార వాడుకోలేరు. ఆగిపోయిన మంచు చరియ సిమెంటులా బిగుసుకుంటుంది, వేలు కూడా కదలదు. ఒకరి ఒంటి మీదున్న బీకన్‌ను వినాల్సింది మరొకరు. వినేవారు లేకపోతే ఆ సంకేతం శవాన్ని వెతకడానికే పనికొస్తుంది.

సమయం కూడా ఎక్కువ ఉండదు. స్విట్జర్లాండ్‌లో దశాబ్దాల ప్రమాదాల రికార్డులను పరిశీలించిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా కూరుకుపోయినవారిని 10 నిమిషాల్లోపు తవ్వి తీస్తే పదిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంట అయితే పదిలో ముగ్గురే. సహాయక బృందం ఎంత వేగంగా కదిలినా, కింది నుంచి పది నిమిషాల్లో చేరడం దాదాపు అసాధ్యం. కాపాడగలిగేది పక్కనున్నవారే.

స్నోబోర్డర్లకు ఇంకో చిక్కు ఉంది. గట్టి కుదుపు తగిలితే స్కీలు బూటు నుంచి విడిపోతాయి. స్నోబోర్డ్ బైండింగ్‌లు అలా విడిపోవు. చరియలో పడితే బోర్డు లంగరులా కిందికి లాగుతుంది.

అడవి దారి కూడా నిరపాయం కాదు. గుల్‌మార్గ్ కింది వాలుల్లో ఫర్, పైన్ చెట్లు దట్టంగా ఉంటాయి. కింది కొమ్మలు గొడుగులా అడ్డుపడటంతో మొదలు చుట్టూ మంచు గుల్లగా, బావిలా ఉంటుంది. తలకిందులుగా అందులో పడితే పైనున్న మంచు మీద పడి ఊపిరి ఆడనివ్వదు. అమెరికా, కెనడాల్లో వలంటీర్లతో చేసిన ప్రయోగాల్లో పదిలో తొమ్మిది మంది తమంతట తాము బయటపడలేకపోయారు. ఇక్కడ కాపాడటానికి యంత్రాలు అక్కర్లేదు. రెండు చేతులు, ఆ పడటం చూసిన రెండు కళ్లు ఉంటే చాలు.

ఒంటరిగా వచ్చినవారికి తోడు ఎలా?

సీజన్‌లో గుల్‌మార్గ్‌లో ఒంటరిగా వచ్చినవారు చాలామంది కనిపిస్తారు. వారితో కలవడం, స్థానిక గైడ్‌ను పెట్టుకోవడం అక్కడ మామూలే. అయితే మనిషి దొరకడం వేరు, తోడు దొరకడం వేరు. నిన్న రాత్రి హోటల్‌లో పరిచయమైనవారికి బీకన్‌తో వెతకడం రాకపోతే, ఇద్దరు వెళ్లినా ఒంటరిగా వెళ్లినట్టే. బయల్దేరే ముందు కింద మైదానంలోనే ఒకరు బీకన్ దాచి మరొకరు వెతికే సాధన చేయాలి. కాసేపట్లోనే ఎవరికి ఎంత వచ్చో తేలిపోతుంది.

గైడ్‌ను అడగాల్సినవీ ఉన్నాయి. ఈ రోజు హెచ్చరిక ఏమిటి? ఏ వాలు వదిలేస్తున్నాం, ఎందుకు? చరియ జారితే ఎవరు ఏం చేయాలి? వీటికి సూటిగా జవాబు చెప్పేవారిని నమ్మవచ్చు. "నేను చిన్నప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను, ఏం కాదు" అనే మాట జవాబు కాదు. మరోవైపు, గైడ్ ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. 2023లో చిక్కుకున్న విదేశీయుల వెంట స్థానిక గైడ్లు ఉన్నారు. గైడ్ ప్రమాదాన్ని తగ్గించగలడు, లేకుండా చేయలేడు.

వాలులో దిగేటప్పుడు ఒకరి తర్వాత ఒకరే దిగాలి. మిగతావారు సురక్షితమైన చోట ఆగి, దిగేవారిపై నుంచి చూపు తిప్పకూడదు. ఎటు వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్‌లో చెప్పి వెళ్లాలి. తిరిగి రాగానే వచ్చామనీ చెప్పాలి.

ఒంటరి ప్రయాణంలో ఉన్న గొప్ప సుఖం, ఏ నిర్ణయానికీ ఎవరినీ అడగనక్కర్లేకపోవడం. ఎప్పుడు లేవాలి, ఎక్కడ తినాలి, ఎన్నిసార్లు పడాలి అన్నీ సొంత ఇష్టమే. అఫర్వత్ మీద ఆ హద్దు దగ్గర అదే స్వేచ్ఛ ఇంకోలా అక్కరకొస్తుంది. డబ్బు కట్టాం, సెలవు అయిపోతోంది, ఇంత దూరం వచ్చాం అని తొందరపెట్టే స్నేహితులు కూడా అక్కడ ఉండరు. ఆ రోజు తోడు దొరకలేదంటే ఇవతలి వాలులోనే ఇంకో రెండుసార్లు దిగి, చీకటి పడకముందే గదికి చేరుకోవచ్చు. అవతలి మంచు తోడు దొరికిన రోజుకు ఉంటుంది, లేదంటే వచ్చే ఏడాదికి.