అదే సిలిండర్‌లో అదనంగా 500 హార్స్‌పవర్

మౌలాలి వైపు ఇల్లున్నవాళ్లకు, సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డ పాత తరానికి ఆల్కో ఇంజిన్ బాగా తెలుసు. బండి కదిలించడానికి డ్రైవర్ నాచ్ (ఇంజిన్ శక్తిని పెంచే మెట్టు) పెంచగానే నల్లటి పొగ భగ్గున లేచేది. కాసేపటికి సన్నటి కూత మొదలయ్యేది, పొగ పల్చబడేది. ఆ కూత టర్బోది. పొగ రావడానికి కారణమూ టర్బోనే. నాచ్ మార్చగానే సిలిండర్లలోకి డీజిల్ పెరుగుతుంది కానీ, దానికి సరిపడా గాలి అందాలంటే ముందు టర్బో చక్రం వేగం పుంజుకోవాలి. ఆ కొద్ది క్షణాలు కాలీకాలని డీజిల్ మసై పైకి పోయేది.

వృథాగా పోయే ఎగ్జాస్ట్ వాయువుతో చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని కుక్కాలన్న ఆలోచన స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకీది. 1905లోనే పేటెంట్ కోరాడు. అది పనికొచ్చే యంత్రం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల నడుమ రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లకు టర్బో బిగిస్తే, ఒక్కో ఇంజిన్ శక్తి 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కు పెరిగింది. అప్పటినుంచీ ఇంజినీర్లను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. గాలి ఎంతైనా ఇవ్వవచ్చు, ఆ గాలితో పుట్టే నిప్పును లోపలి సామాను ఎంతవరకు తట్టుకుంటుంది?

ఈ ప్రశ్నకు మనకు దగ్గరలో దొరికే మంచి జవాబు ఆల్కో 251 ఇంజిన్. ఆల్కో, అంటే అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంతకుముందు తెచ్చిన 244 ఇంజిన్ తరచూ మొరాయించి సంస్థ పేరు చెడగొట్టింది. ఆ దెబ్బ తిన్నాక 1950లలో జాగ్రత్తగా రూపొందించిన ఇంజిన్ ఇది. దీని 16 సిలిండర్ల రూపం 1962లో డబ్ల్యూడీఎం-2 లోకోలతో మన దేశానికి వచ్చింది. 1964లో వారణాసి కర్మాగారం ఇక్కడే తయారీ మొదలుపెట్టింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక కాజీపేట, మౌలాలి, గుంతకల్లు, గుత్తి షెడ్లలో ఈ ఇంజిన్లను విప్పి బిగించడమే కొన్ని తరాల కార్మికుల జీవనోపాధి అయింది. చంద్రుడి మీదికి వెళ్లిన సాటర్న్ రాకెట్లను ప్రయోగ వేదికకు మోసుకెళ్లిన నాసా వాహనాలకూ ఈ కుటుంబం ఇంజిన్లే పెట్టారు. ఆ సంగతి మన షెడ్ల గోడల మీద పెద్దక్షరాలతో రాసుకోదగ్గదని నా అభిప్రాయం.

డబ్ల్యూడీఎం-2లో 16 సిలిండర్లు. ఒక్కోదాని వ్యాసం 9 అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం పదిన్నర అంగుళాలు. ఒక్క సిలిండర్ పరిమాణమే దాదాపు 11 లీటర్లు. నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతూ 2,600 హార్స్‌పవర్ ఇచ్చేది. లోపల చదరపు సెంటీమీటరుకు 100 కిలోల ఒత్తిడి పుట్టిందనుకుందాం. అప్పుడు ఒక్క పిస్టన్ తల మీద పడే బరువు 41 టన్నులు. అలాంటి దెబ్బ ఒక్కో పిస్టన్‌కు నిమిషానికి 500 సార్లు.

1990లలో వారణాసి ఇదే ఇంజిన్‌ను 3,100 హార్స్‌పవర్‌కు పెంచింది. ఆ లోకోకు తర్వాత డబ్ల్యూడీఎం-3ఏ అనే పేరొచ్చింది. పేరులో 3 అంటే మూడు వేలు, ఏ అంటే ఇంకో వంద. సిలిండర్ కొలత మారలేదు, మారిందంతా లోపలి సామానే. ఆ మార్పులు ఒకదాన్నొకటి ఎలా లాక్కొచ్చాయో చూడండి.

శక్తి పెరగాలంటే డీజిల్ ఎక్కువ పోయాలి. అందుకని ఇంధన పంపులో 15 మిల్లీమీటర్ల ప్లంజర్ తీసి 17 మిల్లీమీటర్లది వేశారు. తేడా రెండు మిల్లీమీటర్లే అయినా ఒక్క తోపుకు వెళ్లే డీజిల్ 28 శాతం పెరుగుతుంది. తక్కువ సమయంలో ఎక్కువ డీజిల్ పడితే మంట ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది. పంపును నొక్కే కామ్‌షాఫ్ట్ మీదా భారం పడుతుంది కాబట్టి అది వంగని గట్టిదై ఉండాలి. పిస్టన్ తల ఇంకా వేడెక్కుతుంది. అల్యూమినియం తేలికే కానీ 300 డిగ్రీలు దాటితే దాని బలం వేగంగా పడిపోతుంది. అందుకే అల్యూమినియం పిస్టన్‌కు ఉక్కు తల బిగించారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు వాల్వులది. గాలి లోపలికొచ్చే వాల్వూ, పొగ బయటికెళ్లే వాల్వూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. పాత కామ్‌లో క్రాంక్ 123 డిగ్రీలు తిరిగేంతసేపు అలా ఉండేవి, కొత్తదాంట్లో 140 డిగ్రీలు. ఆ సందులో టర్బో తోసిన చల్లటి గాలి సిలిండర్ లోంచి దూసుకుపోయి మిగిలిన పొగను ఊడ్చేస్తుంది, పిస్టన్ తలనూ ఎగ్జాస్ట్ వాల్వునూ చల్లబరుస్తుంది. అయితే లోపలికొచ్చే గాలి ఒత్తిడి ఎగ్జాస్ట్ గొట్టంలో ఒత్తిడి కన్నా ఎక్కువ ఉంటేనే ఇది సాధ్యం, లేకపోతే పొగే వెనక్కి తంతుంది. కాబట్టి మెరుగైన టర్బో కావాలి. కుక్కిన గాలి వేడెక్కుతుంది కనుక దాన్ని చల్లార్చడానికి పెద్ద ఆఫ్టర్‌కూలర్ కావాలి. ఏ ఒక్కటి మానేసినా మిగతావి దండగే.

కార్ల చరిత్రలోనూ ఇదే జరిగింది. మనకు డబ్ల్యూడీఎం-2 వచ్చిన 1962లోనే అమెరికాలో రెండు టర్బో కార్లు అమ్మకానికొచ్చాయి. షెవర్లే కోర్వేర్‌లో కంప్రెషన్ తగ్గించి, క్రాంక్‌షాఫ్ట్‌కు గట్టి ఉక్కు వాడారు. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ మాత్రం 10.25 కంప్రెషన్‌ను అలాగే ఉంచింది. పెట్రోల్ ముందే పేలిపోకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని చిమ్మే ఏర్పాటు చేసింది. ఆ ద్రవం నింపడం చాలామంది మరిచిపోయారు. చివరికి ఎన్నో కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించాల్సి వచ్చింది.

ఈ రోజు రాణిగంజ్ దుకాణాల్లో విడిభాగాలు వెతుకుతూ పాత కారుకు టర్బో పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందు అడిగేది టర్బో ధర. అడగాల్సింది పిస్టన్ గురించి. పోత పిస్టన్ పెళుసు, ఒక్కసారి నాకింగ్ (పెట్రోల్ దానంతట అదే పేలడం) గట్టిగా కొడితే రింగుల మధ్య గట్టు విరుగుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ దెబ్బకు ఓర్చుకుంటుంది కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. కాబట్టి బోరింగ్ చేసేటప్పుడే ఖాళీ ఎక్కువ వదలాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త టకటకమన్నా కంగారు పడనక్కర్లేదు. రింగు రెండు కొసల మధ్య సందు కూడా పెంచాలి. వేడికి ఆ కొసలు ఒకదాన్నొకటి తాకాయంటే రింగు బిగుసుకుని పిస్టన్‌నే చీలుస్తుంది.

కనెక్టింగ్ రాడ్ విషయంలో చాలామంది పొరబడతారు. టర్బో ఒత్తిడి రాడ్‌ను నొక్కుతుంది, ఇంజిన్ వేగం దాన్ని లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది, దాన్ని మోసేవి రాడ్ బోల్టులు. ఆల్కో 1,000 చుట్లు దాటి పెద్దగా పోలేదు, అందుకే దాని కష్టమంతా నొక్కుడుదే. కారు ఇంజిన్ 7,000 చుట్లకు ఎగబాకుతుంది. కాబట్టి లావు రాడ్ కొని పాత బోల్టులతోనే బిగిస్తే, కొన్నది ఒక జబ్బుకు మందు, ఇంజిన్‌కున్నది ఇంకో జబ్బు. టర్బో బూస్ట్ ఎంత పెట్టాలన్నది ఈ సామానంతా బల్ల మీదికి చేరాక తేల్చుకోవచ్చు.