పరగడుపున నడిస్తే కండ కరిగిపోతుందా?

"డాక్టరుగారూ, పొద్దున్నే ఏమీ తినకుండా నడుస్తున్నాను, కండ కరిగిపోదు కదా?" అని మా ఓపీలో చాలామంది అడుగుతుంటారు. ఏమీ అడగకుండా, షుగరు మాత్ర వేసుకుని నడకకు బయలుదేరేవారూ ఉన్నారు. మా దిగులంతా వారి గురించే.

తిన్న అన్నంలోని గ్లూకోజు కొంత గ్లైకోజన్‌గా మారి నిలువ ఉంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి 300 నుండి 500 గ్రాములు. రాత్రి మనం నిద్రపోయినా మెదడుకు గ్లూకోజు కావాలి. దాన్ని పంపేది కాలేయమే. అందుచేత తెల్లవారేసరికి కాలేయపు నిలువ బాగా తరిగిపోతుంది, కండరాల నిలువ దాదాపు అలాగే ఉంటుంది. ఏ కండరం దాచుకున్నది ఆ కండరమే వాడుకుంటుంది. 1966లో స్వీడన్ వైద్యులు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే సైకిలును చెరొకవైపు నుండి ఒంటికాలితో తొక్కి, తమ తొడ కండరాలనే సూదితో తీసి పరీక్షించుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజన్ అడుగంటింది. ఊరకున్న కాలిలో మాత్రం తగ్గలేదు. పక్క కాలు కూడా అప్పివ్వదన్నమాట!

కనుక అరగంట, ముప్పావు గంట నడకకు ఆరోగ్యవంతుని కండరాలకు శక్తి కొదువ ఉండదు, కండ కరిగిపోదు. కొవ్వు కూడా కొంత ఖర్చవుతుంది. అలాగని పరగడుపున నడిస్తేనే బరువు తగ్గుతారనుకోకండి, రోజంతా ఎంత తిన్నారన్నదే ముఖ్యం. గంటన్నర పరుగు, పొలంలో గట్టి పని అయితే వేరు. నిలువ అయిపోయి కాళ్ళు బరువెక్కుతాయి. ముందుగా కొంచెం తినాలి.

ఇక షుగరు ఉన్నవారి సంగతి. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వాడేవారిలో ఇన్సులిన్ ప్రభావం కాలేయం గ్లూకోజు వదలకుండా అడ్డుకుంటుంది. అదే సమయంలో నడిచే కాళ్ళు రక్తంలోని గ్లూకోజును లాగుకుంటాయి. చల్లని చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు వస్తాయి. కొందరు రోడ్డు మీదే పడిపోతారు, చూసినవారు తాగి పడ్డాడనుకుంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం తక్కువ.

ఈ మందులు వాడేవారు నడకకు ముందు పరీక్షించుకుని, షుగరు 90 కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండైనా తిని బయలుదేరండి. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టరునే అడగండి, సొంతంగా మానకండి. జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి. వణుకు మొదలైతే వెంటనే ఆగి మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకోండి, 15 నిమిషాలలో తగ్గకపోతే మళ్ళీ అంతే తీసుకోండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకురండి.