వార్త మన దాకా ఎలా వస్తుంది?

1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ అనే వారపత్రిక నడిపారు. 1926లో హైదరాబాద్‌లో ‘గోలకొండ పత్రిక’ మొదలైంది. దాని సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరు ప్రాంతం వారే. అది నిజాం పాలన. బడిలో, కచేరీలో ఉర్దూదే పెత్తనం. తెలుగు చదవగలిగినవాళ్లే కొద్దిమంది. మరి ఆ పత్రికలు జనానికి ఎలా చేరాయి?

చందా కట్టినవాళ్లకు టపాలో వెళ్లేవి. చదువొచ్చిన ఒకరు పైకి చదివితే చుట్టూ చేరినవాళ్లు వినేవారు. అలా ఒక్క ప్రతి ఎంతోమందికి అందేది.

చేరడమే కాదు, బదులు కూడా వచ్చేది. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం వారు పత్రిక ద్వారానే కవులకు పిలుపునిచ్చారు. ఊరూరి నుంచి పద్యాలు వచ్చాయి. 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చయింది! చేతిలో ఫోన్లు లేని కాలంలో ఎంత గొప్ప పని!

ఇప్పుడు పత్రిక రాత్రి అచ్చయి, తెల్లారేసరికి వ్యానులో మండలాలకు వస్తుంది. దూరపు ఊళ్లకు వెళ్లే ప్రతులు ముందే అచ్చవుతాయి కాబట్టి అర్ధరాత్రి వార్త వాటిలో ఉండకపోవచ్చు. ఫోన్‌లో ఆ ఆలస్యం లేదు. కానీ పత్రికలో మీరూ మీ తాతయ్యా ఒకే పేజీ చూస్తారు. ఫోన్ మాత్రం మీరు ఇదివరకు నొక్కినవాటిని బట్టి ఎవరికి వారికి వేరే వార్తలు చూపిస్తుంది. మీరు వెతకని సంగతి మీ కంట పడేది పత్రికలోనే ఎక్కువ.

ఫోన్‌లో వార్త వస్తే ఎవరు రాశారో, ఏ తేదీదో చూశాకే ఇంకొకరికి పంపండి.