గండికోటకు ఎనుబది చుక్కల చోటు

కంప్యూటరు మీట నొక్కిన పిదప లినక్స్ కెర్నెల్ మేల్కొని, మెమరీని, ప్రాసెసరును, డిస్కులను ఒక్కొక్కటిగ గుర్తించుచు తెరపై పంక్తులు పఱచునపుడు, పై యెడమమూల నొక పెంగ్విన్ పక్షి దర్శనమిచ్చును. లారీ యూయింగ్ 1996లో గింప్ అను చిత్రసాధనముతో రూపొందించిన యీ టక్స్, నాలుగు కోరుల ప్రాసెసరుపై నాలుగు పక్షులై బారులు తీరును. నేటి లినక్స్ పంపిణీలలో అనేకము తమ తెరచిత్రముతో దీనిని మఱుగుపఱచుచున్నను, కెర్నెల్ సోర్స్ కోడులో అది పదిలముగ నున్నది.

ఆ పక్షికి మాఱుగ మనకు నచ్చిన రూపమును నిలుపుటకు ఎవ్వరి యనుమతియు నక్కఱలేదు. లైనస్ టోర్వాల్డ్స్ 1992లో తన కెర్నెల్‌ను జీపీఎల్ లైసెన్సు క్రిందికి తెచ్చి యీ హక్కును సర్వజనుల కొసగెను. ముఖమున పుట్టు అంటు క్యాన్సరుచే టాస్మానియన్ డెవిల్ అను జంతువు క్షీణించుచుండుటను లోకమునకు తెలుపుటకై, 2009 మార్చిలో వెలువడిన 2.6.29 కెర్నెల్‌లో దాని నిర్మాతలే ఆ జంతురూపమును నిలిపి, మఱుసటి సంచికలో టక్స్‌ను మరల తెచ్చిరి.

జమ్మలమడుగు చేరువనున్న గండికోటనే యెన్నుకొందము. చిత్రమును నిలువున 80, అడ్డమున 80 పిక్సెళ్లకు కుదించి, 224 రంగులకు మించనీయక, ఆస్కీ పీపీఎం ఫైలుగ భద్రపఱుపవలెను. 256 రంగుల పట్టికలో మొదటి 32 స్థానములను విడిచి తక్కినవానినే లోగోకు కేటాయించుటచే ఆ సంఖ్య యేర్పడినది. ఫైలును తెఱచి చూచిన నంతయు అంకెలే: ఒక్కొక్క చుక్కకు ఎఱుపెంత, పచ్చయెంత, నీలమెంత యని మూడేసి. లోయలోని ప్రతి బండకును 6400 చుక్కలలో చోటు లేదు గనుక, కోటగోడ గీతను, ఎఱ్ఱని కొండచరియను, అడుగున పెన్న నీటిచారికను మాత్రమే యుంచి, తక్కినది విడుచు వివేకము వలయును.

పిమ్మట కెర్నెల్ లోగో ఫోల్డరులోని పాతచిత్రము స్థానమున దీనినుంచి, మెనూకాన్ఫిగ్‌లో బూటప్ లోగోను ఎంచి, కంపైల్ చేసినచో, ఒక చిన్న ప్రోగ్రాము ఆ యంకెలను సీ భాషలోనికి మార్చి కెర్నెల్‌లో కలుపును. పాత కెర్నెల్‌ను గ్రబ్ మెనూలో నుంచుకొన్నచో, క్రొత్తది మొరాయించినను యంత్రము తెఱచుకొనును.

పులివెందుల, ప్రొద్దుటూరు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థు లీ ప్రయోగమును తప్పక చేయవలెనని నా యభిలాష. కెర్నెల్‌ను దూరమునుండి నమస్కరించి తొలగువారు, ఒక్క చిత్రము నెపమున దాని కోడును తెఱచి, మార్చి, నడిపించి, అది మనుష్యులు వ్రాసినదే, తామును వ్రాయదగినదే యని గ్రహింతురు. అట్లు మార్చిన కెర్నెల్‌ను ఇతరులకిచ్చునపుడు దాని సోర్స్ కోడును సైతము వారికి అందుబాటులో నుంచవలెనని లైసెన్సు విధించుచున్నది. తాము పొందిన స్వేచ్ఛను పరులకును మిగుల్చుట యీ విద్యలో తొలిపాఠము.