గిరీశము ఎప్పుడు మారినాడు?

బత్తలపల్లెకు చేరువనున్న ధర్మవరమున 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, నాటకమునకు మంగళాంతమే మర్యాదయని నమ్మిన కాలమున ‘విషాద సారంగధర’ను దుఃఖాంతముగా ముగింప సాహసించినారు. ముగింపును గూర్చిన చర్చ హాస్యనాటకమునకును తప్పలేదు. 1892లో ప్రదర్శితమైన ‘కన్యాశుల్కము’ను గురజాడ పెంచి, మార్చి 1909లో మరల ప్రకటించినారు. అంతవరకు కడుపుబ్బ నవ్వించిన గిరీశము గుట్టు చివరి రంగమున మధురవాణి ఎదుటపడుటతో బయటపడును. సౌజన్యారావు పంతులు అతనిని నిరాకరించి, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపనెంచును.

“అంత సరసుని కవి దుష్టుని చేసినాడే!” అని కొందరు నొచ్చుకొందురు, “తగిన శాస్తి జరిగినది” అని కొందరు సంతోషింతురు. ఇరువురును అతడు చివరకు మారినాడనియే తలచుచున్నారు. కాని పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేసినది మొదటి అంకముననే గదా! చదువు చెప్పెదనని వెంకటేశము ఇల్లు చేరి, అతని అక్కయైన బాలవితంతువును మాటలతో మరులు గొలిపినదియు ఆ సరసుడే. అతని మాటకారితనమునకు మనమును వెంకటేశమువలెనే లోబడితిమి. నవ్వుచు బుచ్చమ్మను మరచితిమి.

ఈ నాటకమును పాఠముగా చెప్పు ఉపాధ్యాయుడు తరగతి పకపక నవ్విన చోటనే ఒక్క క్షణమాగి అడుగవలెను: ఈ మాటలను నిజమని నమ్మిన బుచ్చమ్మ గతి యేమి?