మాంటేజి : చిత్రసమాస విచారము

చలనచిత్ర విమర్శలో ‘మాంటేజి’ అను మాట తరచుగా వినబడును. అయితే ఒకే మాట మూడు వేర్వేరు అర్థములలో ప్రయోగింపబడుటచే విద్యార్థి చిక్కుపడుట సహజము. ఆ అర్థములను వేరుపరచి, వానిలో ముఖ్యమైన దానిని మన వ్యాకరణ పరిభాషతో సమన్వయించుట ఈ వ్యాసోద్దేశము.

ఫ్రెంచి భాషలో ఈ పదమునకు ‘కూర్చుట, బిగించుట’ అని అర్థము. యంత్రభాగములను కూర్చుటకును ఆ మాటయే వాడుదురు. ఆ దేశమున చిత్రసంకలన మంతయు మాంటేజియే. ఇది మొదటి అర్థము. హాలీవుడ్డున 1930 దశకమునుండి, దీర్ఘకాలమును కొద్ది క్షణములలో సంగ్రహించు చిత్రఖండముల వరుసకు ఈ పేరు నిలిచినది. స్లావ్కో వోర్కాపిచ్ ఇట్టి కూర్పులకు ప్రసిద్ధుడు. తెలుగు చిత్రసీమలోని ‘మాంటేజి పాట’ ఈ రెండవ అర్థమునకు చెందినది. అందు పాత్రలు పెదవి కదపవు. పాట వెనుకనుండి వినబడుచుండగా, పరిచయము ప్రణయమగుటయో, పేదవాడు ధనికుడగుటయో కొన్ని నిమిషములలో ముగియును. మూడవది సోవియట్ దర్శకుల సిద్ధాంతము. మనకు ప్రధానమైనది ఇదియే.

1920 ప్రాంతమున లెవ్ కులెషోవ్ ఒక ప్రయోగము చేసెను. మొజూఖిన్ అను నటుని నిర్వికారమైన ముఖమునకు ప్రక్కన ఒకమారు సూపు గిన్నెను, వేరొకమారు శవపేటికను, ఇంకొకమారు ఆడుకొనుచున్న బాలికను చేర్చెను. ముఖము ఒక్కటియే, చూపరులకు మాత్రము ఆలోచనామగ్నత, శోకము, సంతోషము వేర్వేరుగా తోచినవని పుదోవ్కిన్ వ్రాసెను.

దీనిని మన నేలకు తెచ్చి చూతము. పల్నాటి సీమలో, వినుకొండ ప్రాంతపు నూజెండ్లలో ఒక రైతు ముఖమును చిత్రించితి మనుకొందము. అందు ఏ భావమును లేదు. దాని వెంట వాడిన మిరపచేనును చూపినచో చూపరి ఆ ముఖమున దిగులును చదువును. కల్లములో ఆరబోసిన ఎఱ్ఱని కాయల రాశిని చూపినచో తృప్తిని చదువును. ముఖము మారలేదు, పొరుగు మారినది. అర్థము ముఖమునందును లేదు, చేనియందును లేదు. ఆ రెండింటి కూడికయందు ఉన్నది.

ఈ కూడికను వివరించుటకై ఐసెన్‌స్టీన్ 1929లో చీనా, జపాను లిపుల సాదృశ్యమును తెచ్చెను. ఆ లిపులలో కన్ను గుర్తును నీటి గుర్తును కలిసి ‘ఏడ్పు’ నిచ్చును. కత్తియు హృదయమును కలిసి ‘దుఃఖము’ నిచ్చును. తెలుగు ఉపాధ్యాయున కింత దూరము పోనక్కరలేదు. ‘ముక్కంటి’ అన్నప్పుడు మూడును కాదు, కన్నును కాదు, శివుడు స్ఫురించును. బహువ్రీహియందు అన్యపదార్థము ప్రధానము. సోవియట్ దర్శకులు కోరిన మాంటేజి ఇట్టి బహువ్రీహియే.

తక్కిన కూర్పులకును ఈ పోలిక చెల్లును. ఒకడు తలుపు తీయుట ఒక ఖండము, లోపల అడుగిడుట మరియొక ఖండము అయినచో, మొదటిది రెండవదానికి అంగము, అది తత్పురుషము. గ్రిఫిత్ 1916లో ‘ఇంటాలరెన్సు’ చిత్రమున నాలుగు కాలముల కథలను మార్చిమార్చి చూపెను. దేని ప్రాధాన్యము దానిదే కనుక అది ద్వంద్వము. ఐసెన్‌స్టీన్ 1925లో ‘సమ్మె’ చిత్రమున కార్మికుల వధతో ఎద్దును కోయు దృశ్యమును జోడించెను. అచ్చట కథలో ఎద్దునకు చోటు లేదు; మనుష్యుని పశువుగా నెంచు క్రౌర్యము అను అన్యార్థమే ప్రధానము.

పల్నాటి వీరకథయందు ఇట్టి కూర్పునకు తగిన ఘట్టము కలదు. ఆ కథ ‘పల్నాటి యుద్ధము’ అను పేర రెండుమార్లు తెరకెక్కినది. గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభించి 1946లో దివంగతులు కాగా, ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిన చిత్రము 1947లో వెలువడినది; మరియొకటి 1966లో వచ్చినది. కోడిపోరు ఘట్టమున పుంజులను, నాగమ్మ బ్రహ్మనాయుల ముఖములను మార్చిమార్చి కూర్చినచో, చూపరికి గోచరించునది పుంజులు కావు. రానున్న కారెంపూడి రణము. ఖండముల నిడివియు ఇందు పనిచేయును. సెకనుకు 24 చట్రముల లెక్కన, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై 4 సెకనుల ఖండము 6 అడుగులు. దానిని 3 అడుగులకు, పిదప ఒకటిన్నర అడుగునకు తగ్గించుచు పోయినచో, పుంజుల వేగము పెరుగకున్నను పోరు తీవ్రమైనట్లు తోచును. ఇది ఛందస్సులో మాత్రల వంటిది.

నేడు ఫిల్మును కత్తిరించి అతికింప నక్కరలేదు. చేతిఫోనుగల ప్రతివాడును వీడియో ఖండములను కూర్పగలడు. కనుకనే ఈ విచారమునకు ప్రయోజనము హెచ్చినది. ఒక నాయకుని ప్రసంగమునకు ప్రక్కన వేరొక దినమున, వేరొక చోట నవ్విన జనమును చేర్చినచో, ప్రసంగమును నిజమే, నవ్వును నిజమే. సమాసము మాత్రము అసత్యము. ఖండములను పరీక్షించినంతమాత్రమున ఈ అసత్యము పట్టుబడదు. సమాసమును విడదీసి, ఈ రెండింటిని ఎవరు, ఏ సంబంధముచే కలిపిరని ప్రశ్నింపవలెను. వ్యాకరణ పాఠమున విద్యార్థిచే విగ్రహవాక్యము చెప్పించు ఉపాధ్యాయుడు, చిత్రమునకును విగ్రహవాక్యము చెప్పించుట అవసరమని మా అభిప్రాయము.