హిరా బాటలో భయమూ భరోసా

భయం విశ్వాసానికి విరుద్ధమని చాలామంది భావిస్తారు. "ఈమాన్ ఉన్నవాడికి భయమేమిటి?" అని పిల్లల్ని గద్దించే పెద్దలు మన ఇళ్లలో తక్కువేమీ లేరు. దివ్య ఖుర్ఆన్ పారాయణం చేసేవారికి మాత్రం వేరే దృశ్యం కనిపిస్తుంది. చేతికర్ర సర్పమై కదలినప్పుడు హజ్రత్ మూసా (అలై) వెనుదిరిగి పరుగెత్తారు. అల్లాహ్ ఆయనను తిరస్కరించలేదు. భయపడవద్దని ధైర్యం చెప్పి, దానినే మళ్లీ పట్టుకొమ్మన్నాడు. అల్లాహ్ పట్ల ఉండవలసిన భయభక్తులు వేరు, ప్రాణికి సహజంగా కలిగే బెదురు వేరు. మొదటిది ఆరాధన, రెండవది మానవ స్వభావం.

ఈ భేదాన్ని మేము ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. దానిని అనుభవంలో చవిచూసింది మాత్రం మక్కాలోని జబలె నూర్ మీద. మస్జిదె హరామ్‌కు ఈశాన్య దిశలో కొద్ది కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ కొండ సముద్ర మట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. హిరా గుహ ఉన్నది దీని శిఖరం సమీపంలోనే.

ఉమ్రా పూర్తయిన మరునాడు ఫజ్ర్ నమాజు తర్వాత మా బృందం కొండ ఎక్కనారంభించింది. ఎత్తైన చోట్లంటే మాకు చిన్ననాటి నుంచీ బెదురు. మెట్లు ఒక తీరుగా లేవు, కొన్ని మరీ ఎత్తు, కొన్ని అరిగి నునుపు. సగం దాటాక చూపు లోయ వైపు మళ్లింది. మోకాళ్లు వణికాయి. ఒక బండను ఆనుకొని కూర్చుండిపోయాము. బృందంలోని ఒక యువకుడు దగ్గరికి వచ్చి, "మౌలానా సాబ్, కిందికి చూడకండి. నా మడమలు చూస్తూ రండి, చాలు" అని ముందు నడిచాడు. పది మెట్లు ఎక్కడం, ఆగి ఓ గుక్కెడు నీళ్లు తాగడం, మళ్లీ పది మెట్లు. బెదురు చివరి దాకా మమ్మల్ని వదలలేదు. అయినా పైకి చేరాము, అల్‌హందులిల్లాహ్. శిఖరం దాటి కాస్త దిగి, బండల మధ్య ఇరుకు సందులోంచి ఒదిగి వెళ్తే గుహ వస్తుంది. నలుగురైదుగురు చేరితే నిండిపోయేంత చిన్న చోటు అది.

క్రీ.శ. 610లో, రమజాన్ మాసంలో, హజ్రత్ జిబ్రీల్ (అలై) అలఖ్ సూరాలోని తొలి అయిదు ఆయతులు తెచ్చింది ఇక్కడికే. ఆ మహత్తర భారంతో దైవప్రవక్త (స) ఈ కొండ దిగి, కంపిస్తున్న హృదయంతో ఇల్లు చేరారు. తనకు దుప్పటి కప్పమని కోరారు. హజ్రత్ ఖదీజా (రజి) వెంటనే ప్రశ్నలు గుప్పించలేదు. ముందు దుప్పటి కప్పారు. ఆందోళన తగ్గాక ఆయన చెప్పినదంతా విన్నారు. బంధుత్వాలు నిలుపుతారని, బలహీనుల భారం మోస్తారని, అతిథులను ఆదరిస్తారని ఆయన సుగుణాలనే గుర్తు చేసి, అల్లాహ్ మిమ్మల్ని ఎన్నడూ అవమానం పాలు చేయడని భరోసా ఇచ్చారు. ఆ తర్వాత, పూర్వ గ్రంథాలు తెలిసిన వరఖా బిన్ నౌఫల్ వద్దకు తోడ్కొని వెళ్లారు.

మన కుటుంబాలకు ఇంతకన్నా గొప్ప పాఠం ఏముంటుంది? పరీక్షకు వణికే బిడ్డ, శస్త్రచికిత్సకు జంకే తల్లి, కొత్త ఊరికి కాపురానికి వెళ్తున్న కూతురు, వీరిలో ఎవరు భయమని చెప్పినా ఎగతాళి చేయకండి. మొదట దగ్గరికి తీసుకోండి. తర్వాత ఓపికగా వినండి. వారిలోని మంచిని వారికే గుర్తు చేయండి. అవసరమైతే తెలిసినవారి వద్దకు, వైద్యుని వద్దకైనా, వెంట వెళ్లండి.

యాత్రకు వెళ్లే సోదర సోదరీమణులకు మరొక మాట. జబలె నూర్ ఎక్కడం హజ్‌లోగానీ ఉమ్రాలోగానీ భాగం కాదు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కింద నిలబడి చూసి వచ్చినా వారి ఆరాధనలో లోటేమీ ఉండదు. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త (స) బోధ. ఎక్కదలచినవారు ఎండ ముదరకముందే బయలుదేరాలి. గట్టి చెప్పులు, నీళ్లు, తోడుగా ఒక మనిషి తప్పనిసరి.